తల్లి కేసులో బిడ్డ ఎక్కడ?

పరకాల దగ్గరి ఒక ఊళ్లో కొన్నేళ్ల కింద నేను చూసిన పంచాయితీ ఇది. గద్దె మీద ఆరుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒక పక్కన భర్త తరఫువాళ్లు, ఇంకో పక్కన తల్లిగారి తరఫువాళ్లు ఉన్నారు. రెండు గంటల సేపు పెట్టిన కట్నం, తిరిగి ఇవ్వని బంగారం, ముందుగా ఎవరు నోరు జారారు అనే లెక్కలే నడిచాయి. భార్య చెయ్యి విరిగి కట్టు కట్టుకుని ఉంది గనుక ఆ సంగతి వేరే చెప్పనవసరం లేదని అందరూ అనుకున్నట్టున్నారు. చివరికి ఒక పెద్దాయన, మూడో తరగతి చదువుతున్న వాళ్ల కొడుకును దగ్గరికి పిలిచి, అందరి ముందూ, “నువ్వెవరి దగ్గర ఉంటవ్ బిడ్డా?” అని అడిగాడు. పిల్లవాడు కాలి బొటనవేలితో మట్టిలో గీతలు గీస్తూ చాలాసేపు పలకలేదు. తర్వాత “చెల్లె ఏడుంటే ఆడ” అన్నాడు. కొందరు నవ్వారు.

ఆ పెద్దాయన చెడ్డవాడు కాడు. పిల్లవాడి ఇష్టం కనుక్కుంటే న్యాయం జరుగుతుందనే ఆయన అడిగాడు. కానీ కొట్టిన తండ్రి నాలుగు అడుగుల దూరంలో కూర్చుని చూస్తుండగా ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని అలా అడగడమంటే, ఆ రాత్రి ఇంటికి వెళ్లాక జరగబోయే దానికి వాణ్ని బాధ్యుణ్ని చేయడమే. గృహహింస గురించి మన దగ్గర జరిగే మాటల్లో పిల్లలు రెండే సందర్భాల్లో కనిపిస్తారు. “పిల్లల మొహం చూసైనా సర్దుకుపో” అని తల్లికి చెప్పేటప్పుడు ఒకసారి, విడిపోయేటప్పుడు ఎవరి వాటాకు వస్తారని తేల్చేటప్పుడు ఇంకోసారి. ఆ రెంటికీ మధ్య వాళ్లకు ఏమవుతోందన్నది ఎవరి లెక్కలోకీ రాదు. చట్టం మాత్రం వాళ్లను లెక్కలోకి తీసుకుంది, అయితే వేర్వేరు చట్టాల్లో, వేర్వేరు ఆఫీసుల్లో, వేర్వేరు పేర్లతో. ఈ వ్యాసంలో విడదీసి చూడదలచుకున్నది ఆ చిక్కుముడినే.

ముందుగా హింస అంటే ఏమిటో చూద్దాం. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే హింస అని ఈ చట్టం అనుకోలేదు. శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మనసును గాయపరిచే చేష్టలతో చేసేదాన్నీ, డబ్బు విషయంలో చేసేదాన్నీ హింసగానే నిర్వచించింది. ఈ చివరిది ఉత్తర తెలంగాణలో చాలామందికి బాగా తెలిసినా, దానికి ఆ పేరుందని తెలియనిది. జగిత్యాల, నిజామాబాదు వైపు ఇళ్లలో బీడీలు చుట్టి ఆమె సంపాదించిన డబ్బు ఆమె చేతికి రాదు. భర్త గల్ఫ్‌లో ఉండి నెలనెలా పంపే సొమ్ము అత్త ఖాతాలో పడుతుంది, పిల్లవాడి జ్వరం మందులకు కూడా ఆమె చెయ్యి చాపాలి. వేల మైళ్ల దూరం నుంచి ఫోన్‌లో గంటగంటకూ ఆచూకీ అడిగే భర్త ఆమె మీద చెయ్యి ఎత్తకపోవచ్చు. ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, పిల్లలకు తిండి, బట్ట, మందు అందకుండా చేయడం, ఆమెనో ఆమె దగ్గరున్న బిడ్డనో ఇల్లు కదలనివ్వకపోవడం, ఇవన్నీ ఆ చట్టం కింద నింపే గృహ ఘటన నివేదికలో విడివిడిగా రాసి ఉంటాయి. ఆ ఫారం చదివితే, దాన్ని తయారు చేసినవాళ్లు ఇళ్లలోకి తొంగి చూసినట్టే ఉంటుంది.

ఎంతమంది ఇళ్లలో ఇది జరుగుతోంది? 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నారు. దేశం మొత్తం మీద ఆ అంకె 29.3. అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని చెప్పిన మహిళలు తెలంగాణలో 83.8 శాతం ఉన్నారు. ఈ రెండో అంకెను చూసి మన ఆడవాళ్లకు తెలివి లేదని తీర్మానించేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. అత్తమామలను గౌరవించకపోతే, చెప్పకుండా బయటికి వెళ్తే, పిల్లలను సరిగా చూడకపోతే అంటూ కారణాలు చదివి వినిపిస్తూ అడిగే ప్రశ్న అది. తాను చిన్నప్పటి నుంచి అమ్మ మీద చూసినదాన్ని, ఇప్పుడు తన మీద చూస్తున్నదాన్ని తప్పు అనడం మొదలుపెడితే ఆ మర్నాడు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు కూడా ఆమె జవాబు వెతుక్కోవాలి. దేశంలో శారీరక, లైంగిక హింసకు గురైన మహిళల్లో సాయం కోరినవాళ్లు 14 శాతమే కావడం వెనక ఈ లెక్క ఉంది.

తాగుడు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఊరూరా బెల్టు షాపులున్న చోట తాగుడుకూ దెబ్బలకూ సంబంధం లేదనడం అబద్ధమవుతుంది. తరచూ తాగే భర్తలున్న ఇళ్లలో హింస ఎన్నో రెట్లు ఎక్కువని అదే సర్వే చెబుతోంది. కానీ ఎంత తాగినా మనిషి సర్పంచిని కొట్టడు, ఎస్సైని కొట్టడు, అప్పు ఇచ్చిన సేటును కొట్టడు. ఇంటికి వచ్చేదాకా నిలిచిన తెలివి గడప దాటాక పోతోందంటే, పోయింది తెలివి కాదన్నమాట. కాబట్టి మందు మాన్పిస్తే అంతా సరిపోతుందని తల్లికి చెప్పి పంపించేయడం పొరపాటు. మాన్పించాలి, దానితో పాటు ఆమెకూ పిల్లలకూ రక్షణ కూడా చూడాలి.

ఇక పిల్లల సంగతి. పక్క గదిలో పడుకున్నారు గనుక వాళ్లకు తెలియదని పెద్దలు అనుకుంటారు, పిల్లలు మాత్రం తండ్రి చెప్పుల చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా ఉండబోతోందో చెప్పగలరు. ఇలాంటి ఇంట్లో పెరిగే బిడ్డ ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. ఆ అలికిడికి శరీరంలో ఊరే ఒత్తిడి హార్మోన్లు తగ్గడానికి సమయం దొరకదు. దాని ఫలితం వయసును బట్టి మారుతుంది. మూడేళ్ల పిల్ల అమ్మ కొంగు వదలదు, వచ్చిన మాటలు కూడా మరిచిపోతుంది. పక్క తడపడం మానేసిన ఏడేళ్లవాడు మళ్లీ మొదలుపెడతాడు, పొద్దున బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటాడు, ఏ పరీక్ష చేయించినా ఏమీ తేలదు. పన్నెండేళ్ల పిల్ల ఇంటెడు పనీ తన మీద వేసుకుని తమ్ముళ్లకు అమ్మ అవుతుంది, అందరూ ఆమెను బుద్ధిమంతురాలు అని మెచ్చుకుంటారు, అందుకే ఆమె బాధ అందరికంటే ఆలస్యంగా బయటపడుతుంది. కౌమారంలోకి వచ్చిన కొడుకు తండ్రికి అడ్డం నిలబడి దెబ్బలు తింటాడు, లేదా ఒకరోజు తల్లినే తిట్టడం మొదలుపెడతాడు. 1998లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, పెద్దయ్యాక వచ్చే జబ్బులకు కారణమయ్యే బాల్య ఆపదలను లెక్కించినప్పుడు, తల్లి మీద జరిగే హింసను చూడడాన్ని కూడా పిల్లవాడికి జరిగిన ఆపదగానే రాసుకుంది. ‘చూడడం’ అనే మాట కూడా చిన్నదే. ఆ ఇంట్లో వాడు ప్రేక్షకుడు కాడు, అక్కడే బతుకుతున్నాడు.

అయితే ఇది తలరాత కాదు. దెబ్బల ఇంట్లో పెరిగిన ప్రతివాడూ కొట్టేవాడు కాడు, ప్రతి పిల్లా దెబ్బలు పడే మనిషి కాదు. నమ్మదగిన పెద్ద మనిషి ఒక్కరు ఏళ్ల తరబడి అండగా ఉంటే పిల్లలు చాలావరకు కోలుకుంటారన్నది ఈ రంగంలో పనిచేసే వాళ్లందరూ చెప్పే విషయం. చాలా ఇళ్లలో ఆ మనిషి తల్లే. బిడ్డను కాపాడడమంటే ముందుగా తల్లిని కాపాడడమే అవుతుంది, తల్లి నుంచి బిడ్డను విడదీయడం ఆఖరి మాట కావాలి.

చట్టం దగ్గరికి వస్తే, ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. రెండు దారులున్నాయి. ఒకటి నేరానికి శిక్ష వేయించే దారి. ఒకప్పుడు 498-ఎ అని అందరూ పిలిచిన సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. భర్త గానీ అతని బంధువులు గానీ క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. కేసు పెట్టగానే లోపల వేస్తారని ఇరువైపుల వాళ్లూ అనుకుంటారు, అది నిజం కాదు. 2014లో సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ తీర్పులో ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని చెప్పినప్పటి నుంచి పోలీసులు సాధారణంగా ముందు నోటీసు ఇస్తారు. ఈ సంగతి తెలియక, కేసు పెట్టిన సాయంత్రమే భర్త ఇంటికి తిరిగివస్తే ఆమె హతాశురాలవుతుంది. ఆ సాయంత్రమే ఆమెకు రక్షణ అత్యవసరం.

రెండోది గృహహింస చట్టం దారి. ఇది మేజిస్ట్రేటు కోర్టులోనే నడిచినా, శిక్ష కోసం కాదు, ఉపశమనం కోసం. కొట్టవద్దు, దగ్గరికి రావద్దు అనే రక్షణ ఉత్తర్వు, ఉన్న ఇంట్లోనే ఉండనిచ్చే నివాస ఉత్తర్వు, ఆమెకూ పిల్లలకూ ఖర్చులు, పిల్లలను తాత్కాలికంగా ఆమె దగ్గర ఉంచడం, నష్టపరిహారం, ఇవన్నీ ఒకే దరఖాస్తులో అడగవచ్చు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మొదటి విచారణ జరపాలని, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. కోర్టుల్లో అలా జరగడం అరుదు. అందుకే మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపే ఇచ్చే తాత్కాలిక రక్షణ, మొదటి రోజే అడగడం అవసరం. ఆ ఉత్తర్వును అతను మీరితే మాత్రం అది నేరమవుతుంది, ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇల్లు మామ పేరు మీద ఉంది గనుక కోడలికి హక్కు లేదనే వాదనకు 2020లో సుప్రీంకోర్టు సతీశ్ చందర్ ఆహుజా కేసులో సమాధానం ఇచ్చింది. కాపురం చేసిన ఇల్లు భర్త బంధువులదైనా సరే, అందులో నివాసం కోరే హక్కు ఆమెకు ఉంటుంది. దరఖాస్తు అత్తగారి ఊరిలోనే పెట్టాలని కూడా లేదు, ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటి కోర్టులోనైనా పెట్టవచ్చు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాక ఏ ఆఫీసు ఏ జిల్లాలోకి వస్తుందో తెలియక తిరిగినవాళ్లు నాకు తెలుసు గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

పిల్లల కోణంలో ఈ చట్టంలో ఒక మెలిక ఉంది. దీని కింద ‘బాధిత వ్యక్తి’ అంటే మహిళ. ఆడపిల్ల బాధితురాలిగా రావచ్చు గానీ మగపిల్లవాడు తన పేరు మీద దరఖాస్తు పెట్టలేడు. కానీ తల్లి దరఖాస్తులోనే వాడికీ రక్షణ, ఖర్చులు అడగవచ్చు. 18 ఏళ్ల లోపు పిల్లలంటే దత్తత, సవతి, పెంపుడు పిల్లలు కూడా అందులోకి వస్తారు. బాధితురాలు బాలిక అయితే ఆమె చదివే బడిలోకి తండ్రి అడుగుపెట్టకుండా ఉత్తర్వు ఇవ్వవచ్చు. తండ్రి వచ్చి చూసి వెళ్లడం బిడ్డకు హానికరమని మేజిస్ట్రేటుకు అనిపిస్తే ఆ కలయికను నిరాకరించవచ్చు. లాయరుకు చెప్పి వీటిని ప్రత్యేకంగా రాయించాలి, అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు. లాయరు ఫీజు భయం అక్కర్లేదు, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

బిడ్డ మీదే నేరుగా చెయ్యి పడితే దారి వేరు. 2015 బాల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం తన సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టడం, హింసించడం, పట్టించుకోకుండా వదిలేయడం తండ్రి చేసినా తల్లి చేసినా నేరమే. ఆపదలో ఉన్న బిడ్డ గురించి 1098కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు, పిల్లలే చేసినా పలుకుతారు. బిడ్డను జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు 24 గంటల్లోపు తీసుకురావాలి. ఈ సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు, మేజిస్ట్రేటు బెంచికి ఉండే అధికారాలు వాళ్లకుంటాయి. లైంగిక హింస అయితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్లు చెప్పకపోవడమే అక్కడ నేరం, అందులో ఉపాధ్యాయులకు గానీ, పక్కింటివాళ్లకు గానీ మినహాయింపు లేదు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేయదగిన విషయం అసలే కాదు. బిడ్డ వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫారంలో ఉండకూడదు. చిన్న విషయంగా కనిపించే ఈ నిబంధన ఎందుకో, ఖాకీ బట్టలు చూడగానే తండ్రిని పట్టుకుపోతారని ఏడ్చే పిల్లలను చూసినవాళ్లకు తెలుస్తుంది.

మళ్లీ పంచాయితీ గద్దె దగ్గరికి వస్తాను, ఎందుకంటే మన దగ్గర నూటికి తొంభై తొమ్మిది గొడవలు ముందుగా వెళ్లేది అక్కడికే. పంచాయితీ మీద నాకు ఏవగింపు లేదు. తెల్లవారుజామున రెండు గంటలకు తలుపు తడితే తెరిచేది కూడా ఆ మనుషులే. కానీ పంచాయితీ మొదలయ్యేదే “ఇద్దరి తప్పూ ఉంటది” అనే మాటతో. గృహహింస చట్టం నియమాల్లో కౌన్సెలింగ్ గురించి ఒక నిబంధన ఉంది, అది దీనికి సరిగ్గా ఎదురు నిలుస్తుంది: కౌన్సెలింగ్‌లో ప్రతివాది తాను చేసిన హింసకు సాకులు చెప్పుకోవడానికి వీల్లేదు, ఈ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి తెలియజేయాలి. అంటే అన్నం ఆలస్యమైంది, ఎదురు మాట్లాడింది, ఫోన్‌లో మాట్లాడుతోంది, ఇవేవీ చర్చలోకి రావు. కొట్టడం ఆగుతుందా లేదా, ఎలా ఆపుతావు అన్నదే ప్రశ్న. ఈ ఒక్క నియమాన్ని పెద్దమనుషులు పాటిస్తే రెండు గంటల పంచాయితీ పావుగంటలో అసలు విషయానికి వస్తుంది. అలాగే పిల్లలను ఆ చోటికి తేవద్దని ముందే చెప్పవచ్చు. పిల్లల మనసు తెలుసుకోవాల్సి వస్తే వేరే రోజు, వేరే చోట, వాళ్లు నమ్మే ఒక మనిషి అడగాలి, అది కూడా ‘ఎవరు కావాలి’ అని కాకుండా ‘ఎక్కడైతే భయం ఉండదు’ అని.

సాయం అందే తలుపులు ఎక్కడున్నాయో క్లుప్తంగా చెబుతాను. ప్రాణం మీదికి వస్తే 112, మహిళల సహాయానికి 181. కేంద్ర పథకం కింద 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకేచోట అందుతాయి, అయిదు రోజుల దాకా తలదాచుకోవచ్చు, అయితే కాస్త పెద్ద మగపిల్లలను వెంట ఉంచుకోవడానికి వయసు పరిమితి ఉంటుంది గనుక ముందే అడిగి పెట్టుకోవాలి. 2016లో హైదరాబాదులో మొదలైన పోలీసుల భరోసా కేంద్రాలు తర్వాత వరంగల్‌తో సహా జిల్లాలకు వచ్చాయి. గృహ ఘటన నివేదిక రాసి కోర్టుకు పంపేది గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారి. ఆ అధికారికి బాధితురాలే చెప్పాలని లేదు, పక్కింటివాళ్లు చెప్పినా వినాలి, మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద ఏ బాధ్యతా పడదని చట్టంలో ఉంది. దెబ్బలతో వరంగల్‌లోని ఎంజీఎం లాంటి ప్రభుత్వాసుపత్రికి వెళ్లినప్పుడు ‘జారి పడ్డాను’ అని రాయించడం చాలామంది చేసే పని. ఆ చీటీయే రేపు కోర్టులో మాట్లాడుతుంది.

ఇల్లు వదిలే సమయమే అన్నింటికంటే ప్రమాదకరమైనది. తన పట్టు జారిపోతోందని తెలిసినప్పుడు కొట్టేవాడు ఇంకా పెట్రేగుతాడు. అందుకే ముందుగా సిద్ధం కావాలి. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పుస్తకం, మందుల చీటీలు, వాటి ఫొటోలు నమ్మకమైన ఒకరి ఫోన్‌లో ఉంచడం మంచిది. బతుకమ్మ పండుగకు తల్లిగారింటికి వచ్చే తొమ్మిది రోజులు చాలామందికి ఇందుకు దొరికే ఏకైక వ్యవధి. తల్లి కూతురి జబ్బ మీది మచ్చ చూసి కూడా సద్దుల బతుకమ్మ అయిపోగానే బస్సెక్కించే ఆనవాయితీ ఎప్పటిదో నాకు తెలియదు, ఆ తొమ్మిది రోజుల్లో ఒక పూట కూర్చుని కూతురిని అడిగి వినడానికి మాత్రం ఏ చట్టమూ అక్కర్లేదు. పిల్లలకు కూడా నేర్పాల్సినవి కొన్ని ఉంటాయి: మధ్యలోకి రావద్దు, అరుపులు వినపడితే ఫలానా వాళ్లింటికి వెళ్లు, ఫోన్‌లో ఈ నెంబరు నొక్కు, చెల్లెను వెంట తీసుకుపో.

బడి ఇందులో ఎంత పని చేయగలదో చాలామంది ఉపాధ్యాయులకే తెలియదు. తల్లి పిల్లలతో నర్సంపేట నుంచి మహబూబాబాద్‌లోని అన్న ఇంటికి వచ్చేసిందనుకుందాం. టీసీ లేదని, తండ్రి సంతకం కావాలని కొత్త బడి తిప్పి పంపితే పిల్లవాడు నెలల తరబడి ఇంట్లో కూర్చుంటాడు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యం కావడం ప్రవేశం నిరాకరించడానికి కారణం కాదు. అదే చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించింది. ఇంట్లో దెబ్బలు చూసిన పిల్లవాడికి బెత్తం ఊపే సారు తండ్రికి కొనసాగింపులా కనిపిస్తాడు. బిడ్డ ఏదైనా చెప్పుకున్నప్పుడు, “ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి రావచ్చు. “నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు, నీకు సాయం చేసేవాళ్లకు చెబుతాను” అంటే సరిపోతుంది. పదేపదే అడిగి వివరాలు రాబట్టకుండా విన్నది విన్నట్టు, తేదీతో సహా రాసి పెట్టాలి. కోర్టు ఉత్తర్వు ఉంటే దాని ప్రతి ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ఉండాలి, మధ్యాహ్నం తండ్రి వచ్చి పిల్లలను తీసుకుపోతానంటే ఏం చేయాలో అటెండరుకు కూడా తెలిసి ఉండాలి. పక్క తడిపే పిల్లకూ కోపంతో ఊగిపోయే పిల్లవాడికీ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు దొరకకపోతే, 2022లో మొదలైన టెలీ మానస్ నెంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తల్లి దగ్గర వసతి లేనప్పుడు పిల్లలను గురుకులంలోనో హాస్టల్లోనో చేర్పించడం మన జిల్లాల్లో మామూలుగా జరిగే ఏర్పాటు. తిండి, చదువు, తండ్రి చేతికి అందని దూరం దొరుకుతాయి గనుక చాలాసార్లు అది మంచిదే. కానీ బాలుర గురుకులం ఒక ఊళ్లో, బాలికల గురుకులం ఇంకో ఊళ్లో ఉంటాయి. బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చిన పిల్లల విషయంలోనూ బాలబాలికల గృహాలు వేర్వేరే. అలా పంపించాల్సి వచ్చినప్పుడు, వారానికి ఒకసారి అన్నాచెల్లెళ్లు ఫోన్‌లో మాట్లాడుకోవాలని, సెలవులకు ఇద్దరినీ ఒకే రోజు ఇంటికి పంపాలని చేర్పించేటప్పుడే వార్డెన్‌తో మాట్లాడి ఒప్పించాలి. పరకాల దగ్గరి ఆ పిల్లవాణ్ని చివరికి ఒక హాస్టల్లో వేశారు. చెల్లెను తల్లి తన దగ్గరే ఉంచుకుంది. నెలనెలా వాణ్ని చూడడానికి వెళ్లినప్పుడల్లా ఆమె ఆ పిల్లను కూడా బస్సులో వెంట తీసుకుపోయేది.